పుంజు తేల్చిన పెంగ్విన్ల పట్టిక

ఆ రోజుల్లో లోకంలో ఉన్నదంతా పట్టికలో ఇమిడిపోతుందని గట్టిగా నమ్మేవాణ్ని. ఇమడనిది ఏదైనా ఎదురైతే తప్పు దానిదే గాని పట్టికది కాదనుకునేవాణ్ని. కిరండూల్‌లో ఇనుప గని ఉద్యోగుల క్వార్టర్లలో పెరిగి, మెకానికల్ డిప్లొమా పూర్తిచేసి, మొదటి ఉద్యోగంగా తెలంగాణ సరిహద్దుకి అవతల అడవుల్లో ఉన్న బీజాపూర్ దగ్గర ఒక హాస్టల్ బడిలో తాత్కాలిక సైన్సు మాస్టారుగా చేరాను. చేరిన వారంలోనే పిల్లల్ని ఎత్తు ప్రకారం, బెంచీల్ని కుంటితనం ప్రకారం, బకెట్లని చిల్లుల ప్రకారం జాబితాలు వేసి గోడకి అంటించాను. (బకెట్ల జాబితా చూసి పిల్లలు పడీపడీ నవ్వారు. అది మెచ్చుకోలు అనుకున్నాను.)

మా హెడ్మాస్టారిని అందరూ బడేసర్ అనేవారు. చలికాలం వెళ్ళిపోయే రోజుల్లో ఒకసారి నన్ను పిలిచి, "చూడు బేటా, జిల్లా సైన్సు మేళాకి మన బడి నుంచి ఒక మోడల్ పోవాలి. వచ్చే ఏడాది కూడా నిన్ను ఉంచమని రాయాలంటే నా చేతిలో ఏదో ఒకటి ఉండాలి కదా," అన్నారు. ఇంటి నుంచి నాన్న అప్పటికే ఫోన్లో "ఇది పోతే ఏం చేద్దామనిరా?" అని అడగడం మొదలుపెట్టారు. అందుచేత ఆ మేళా నా పాలిట ఇంటర్వ్యూ అయి కూర్చుంది.

పెంగ్విన్లే ఎందుకంటే, దానికీ ఒక జాబితా ఉంది. స్టోరు గదిలో దొరికినవి: ఎప్పుడో ఏ వేడుకకో తెచ్చి మిగిలిపోయిన తెల్ల థర్మాకోల్ పలకలు బోలెడు, నల్ల పెయింటు ఒక డబ్బా, అడుగంటిన పసుపు, ఎరుపు, నీలం సీసాలు ఒక్కొక్కటి. ఈ సరుకుతో చేయదగిన ప్రాణి భూమ్మీద ఒక్కటే. పది రోజులు స్కేలు పట్టుకుని, అసలు కొలతలతో ఆరు రకాలు కోశాను. దాదాపు నాలుగడుగుల ఎంపరర్, దానికి పొట్టి తమ్ముడిలా కింగ్, గడ్డం కింద హెల్మెట్ పట్టీలాంటి నల్లగీతతో చిన్‌స్ట్రాప్, నల్లకోటు తొడుక్కున్న వకీలులా అడెలీ, అడుగుకి కాస్త పైన ఉండే నీలం రంగు లిటిల్ పెంగ్విన్, ఎర్రకళ్ళ మీద పసుపు కనుబొమలు గాల్లోకి ఎగదోసిన రాక్‌హాపర్. పక్కనే నా ప్రాణంతో సమానమైన పట్టిక. ఎత్తు, బరువు, నివాసం, ఆహారం, ముక్కు రంగు, ఈత వేగం అని ఆరు గడులు, అన్నీ ఇండియన్ ఇంకుతో.

మొదటి విమర్శ వంటింట్లోంచి వచ్చింది. మా వంటక్కది తెలంగాణ సరిహద్దు పల్లె. తెలుగు, దోర్లి, గోండి, హిందీ నాలుగూ ఒకే గరిటెతో కలిపేది. పప్పు పొయ్యి మీద పెట్టి వచ్చి నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడింది.

"ఏంది సారూ ఇవి? కోళ్ళా, బాతులా?"

"పెంగ్విన్లు అక్కా. మంచుదేశం పక్షులు."

"గుడ్డు పెడ్తయా?"

"పెడతాయి."

"మరి పొదిగేదెవలు? పెట్టనా, పుంజా?"

నా పట్టికలో పొదుగుడు గడి లేదు. మా బడిలో ఫోనుకి నెట్ అందేది మేడమీద నీళ్ళ ట్యాంకు పక్కన మాత్రమే. ఎక్కాను, చదివాను, దిగాను. "ఈ పెద్దదాంట్లో మగదే పొదుగుతుందక్కా. గుడ్డు పాదాల మీద పెట్టుకుని రెండు నెలలు తిండి లేకుండా నిలబడుతుంది."

"అబ్బో! మరి పెట్ట యాడికి పోతది?"

మళ్ళీ మేడ. "సముద్రంలోకి, మేతకి."

"మంచిగుంది దాని పని! ఈ నల్లకోటోడు గూడు దేంతో కడ్తడు?"

మూడోసారి మేడ. "గులకరాళ్ళతో. పక్కగూడు రాళ్ళు కూడా ఎత్తుకొస్తుందట."

"ఇదేందో అచ్చం మా తోటికోడలే," అంది అక్క సంతోషంగా. "సరే, వీట్లల్ల కొట్లాడేదేది?"

నాకు మోకాళ్ళు పట్టేశాయి. "అక్కా, ఇది సైన్సు. కొట్లాటలు ఇందులోకి రావు."

"కోడిని జూస్తె ముందుగాల అడిగేదే అది సారూ," అని పప్పు మాడుతున్న వాసనకి వంటింట్లోకి పరిగెత్తింది. తెలుసుకున్న మూడు సంగతులైనా పట్టికలో చేర్చవచ్చు. చేరిస్తే గడులు తొమ్మిదవుతాయి, అంచు గీత చెరపాలి. చెరపలేదు.

మేళా రోజుకి అన్నీ రాసి పెట్టుకున్నాను, జిగురు దగ్గర్నుంచి సేఫ్టీపిన్నుల దాకా. ఆ రోజు బీజాపూర్ సంత అన్న ఒక్క ముక్క తప్ప. మా షామియానా సరిగ్గా సంత దారిలో వేశారు. సంతంటే మా వైపు కూరగాయలు, ఇప్పపువ్వుతో అయిపోదు, కోడిపందెం కూడా ఉంటుంది. మగవాళ్ళు పుంజుల్ని చంకలో పెట్టుకుని మా ముందునుంచే పోతున్నారు. నా పట్టిక దగ్గర గంటసేపట్లో ఆగింది ఒక్క పెద్దాయన. ఆయనా నీడకోసం ఆగాడు. నాలుగు స్టాళ్ళ అవతల, తీర్పు చెప్పే మేడం ఒక్కో మోడలూ చూసుకుంటూ వస్తున్నారు. బడేసర్ రుమాలుతో మెడ తుడుచుకుంటున్నారు.

మాతో వచ్చిన పిల్లలకి అన్నం తెచ్చిన వంటక్కని చూసి, వాళ్ళ ఊరి మీసాలాయన ఆగాడు. "ఏందే కోడలా, ఈ నల్లటియి?" అంటూ, తలగుడ్డ చుట్టుకోవడానికి చంకలోని పుంజుని కింద దించాడు. (కాలికి కత్తి ఇంకా కట్టలేదు. అది నా అదృష్టం.)

పుంజు ఎంపరర్ ముందునుంచి తలైనా ఎత్తకుండా నడిచిపోయింది. కింగ్‌నీ లెక్కచేయలేదు. రాక్‌హాపర్ దగ్గర ఆగింది. తన ఎత్తే ఉంది, కళ్ళు ఎర్రగా ఉన్నాయి, కనుబొమలు నిక్కబొడుచుకుని ఉన్నాయి. పుంజు మెడ ఈకలు విచ్చుకున్నాయి. నేను "ఏయ్" అనేలోగా రెండు దెబ్బలు పడ్డాయి. రాక్‌హాపర్ తల ఎగిరి లిటిల్ పెంగ్విన్ మీద పడింది. ఫ్యాన్ గాలికి థర్మాకోల్ పూసలు లేచి, మిట్టమధ్యాహ్నం బీజాపూర్ ఎండలో మంచు కురిసింది.

నా ఉద్యోగం కూడా ఆ పూసలతోపాటే ఎగిరిపోతోందని అర్థమైంది. సంత సగం మా స్టాలు మీద విరుచుకుపడింది.

మీసాలాయన పుంజుని ఎత్తుకుని, "తప్పయింది సారూ," అన్నాడు. వెంటనే తప్పు మరిచిపోయి, "గని మా పుంజు ఊకెనే కొట్టదు. ఇది కొట్లాడే జాతేనా, కాదా? నిజం చెప్పు!" అన్నాడు.

ఆ రోజు నాలుగోసారి మేడ ఎక్కి ఉంటే తెలిసేది. బీజాపూర్‌లో నెట్‌కి మేడ అక్కర్లేదు గనక అక్కడే ఫోన్ తీశాను. రాక్‌హాపర్ ఒట్టి కోపిష్టిదట, తనకంటే పెద్దవాటి మీదికీ పోతుందట. పైకి చదివాను. "జూశినవా!" అని మీసాలాయన చుట్టూ ఉన్నవాళ్ళ వీపులు చరిచాడు. ఇక ప్రశ్నలు. ఆ నిటారుగా ఉన్నదేంటి, ఈ పొట్టిదేంటి? నేను నోరు తెరిచేలోగా వంటక్క గరిటె ఎత్తింది. తెలుగులో ఒకసారి, గోండిలో ఒకసారి, ఒక్కో పక్షి కాపురం చెప్పుకుపోయింది. రాళ్ళదొంగ దగ్గర ఆడవాళ్ళు ఒకళ్ళనొకళ్ళు పొడుచుకుని నవ్వారు.

ఆ నవ్వుల్లోకే మేడం వచ్చారు. నన్ను వదిలేసి మీసాలాయన్ని హిందీలో అడిగారు: "దాదా, వీటిలో తేడా ఏం తెలిసింది?"

"తేడా ఏముంది మేడం," అని ఆయన తనకొచ్చిన హిందీలో మొదలుపెట్టాడు. "పెద్దోడు కొట్లాడడు, ఆకలితో నిలబడి పిల్లల్ని కాస్తాడు. నల్లకోటోడు పక్కింట్లో ఏరుకుంటాడు. పసుపు కనుబొమలోడు పొట్టోడే గాని ఊరు నిలవనియ్యడు. ఈ ముగ్గురూ మా పంచాయతీలోనే ఉన్నారు."

మేడం నవ్వు ఆపుకుంటూ పట్టిక వైపు తిరిగారు. నేను ఆశగా, "ఆరు అంశాలు మేడం, ఈత వేగంతో సహా," అన్నాను. ఆవిడ పైనుంచి కిందికి వేలుపెట్టి చూసి, "చాలా నీట్‌గా ఉంది. పొదిగేదెవరో ఎక్కడ రాశారు?" అన్నారు.

బహుమతి రాలేదు. (తల లేని నమూనాకి ఇవ్వకూడదట.) కానీ జనాన్ని అందరికంటే ఎక్కువసేపు నిలబెట్టిన స్టాలు మాదేనని మేడం కాగితం మీద రాసి ఇచ్చారు. తిరుగు జీపులో బడేసర్ ఆ కాగితాన్ని రెండుసార్లు చదివి మడిచి జేబులో పెట్టుకున్నారు. "రాస్తాను బేటా, వచ్చే ఏడాదీ ఉండు. కానీ ఏది గీసినా ముందు వంటింట్లో చూపించు."

వెనక సీట్లోంచి వంటక్క, "నాకు గడులు గియ్యరాదు సార్," అంది వినయంగా. ఆ వినయానికి జీపంతా నవ్వింది. కాసేపటికి నేనూ నవ్వాను.

ఇప్పుడు కిరండూల్‌లోనే యంత్రాల మధ్య పనిచేస్తున్నాను. పట్టికలు ఇంకా గీస్తాను, అంచులు ఇంకా తిన్నగానే వస్తాయి. అప్పుడప్పుడు ఆనాటి ఆ కుర్రమాస్టారు గుర్తొస్తాడు. చేతిలో తల లేని రాక్‌హాపర్, జుట్టు నిండా థర్మాకోల్ పూసలు, చుట్టూ అంత నవ్వు. వాడు మాత్రం ఎవరూ అడగని ఈత వేగం చెబుదామని గొంతు సవరించుకుంటున్నాడు. దగ్గరికి వెళ్ళి ఆ జుట్టు దులపాలనిపిస్తుంది. ఒప్పుకోడు లెండి. ముందు పూసలు లెక్కపెట్టనివ్వండి అంటాడు.