ఆదిమూలం గీసిన పడమటి గోడ

మా డ్రాయింగు ఆఫీసులో కిటికీలు తెరవకూడదు, పంకా వెయ్యకూడదు. ప్లాన్లు ఎత్తిరాసే పల్చటి ట్రేసింగు గుడ్డ ఎగిరిపోతుంది. దాని మీద చెమటబొట్టు పడితే ఇంకు పాకి, తెల్లటి మచ్చ తేలి, వారం రోజుల పని గంగలో కలుస్తుంది. అందుకని మణికట్టు కింద అద్దుడు కాగితం పెట్టుకుని గీసేవాళ్లం. గాలాడే భవనాలను గాలాడని గదిలో కూర్చుని గీయడం మా ఖర్మ.

మాలో సీనియర్ ఆదిమూలం. పెరంబూరు నుంచి రైల్లో వచ్చేవాడు. ఇరవై రెండేళ్ల సర్వీసు, చదువు మాత్రం ఎనిమిదో తరగతి. మా యజమాని రంగనాథం గారు ఇంగ్లండులో చదివొచ్చిన ఆర్కిటెక్టు. 1956లో ఆయనకు మౌంటురోడ్డులో ఒక ఇన్సూరెన్సు కంపెనీ ఆఫీసు కట్టే పని వచ్చింది. పడమటి వైపు నిలువెత్తు గాజు గోడ పెడదామన్నారు.

"సార్, మధ్యాన్నం ఎండంతా ఆడే దిగుతుంది. గుమస్తాలు ఉడికిపోతారు" అన్నాడు ఆదిమూలం.

"ఎయిర్‌కండిషన్ పెట్టిస్తాం. నువ్వు గీతలు గియ్యి, చాలు."

"ఆ మిషను తినే కరెంటు ఏడుంది సార్? ఈడ పంకాలకే చాలకుండా ఉండాది."

రంగనాథం గారు విననట్టే వెళ్లిపోయారు.

ఆదిమూలం మొండిఘటం. ప్లానులో గాజు తీసేసి తెరిచే కిటికీలు పెట్టాడు. వాటి ముందు నిలువు కాంక్రీటు పలకలు ఏటవాలుగా గీశాడు. ఎండ ఆగుతుంది, గాలీ వెలుతురూ వస్తాయి. ఆ ప్లాను ముప్పై షీట్ల మధ్యలో పెడితే యజమాని చూడకుండానే సంతకం పెట్టేశారు. దాన్ని గుడ్డ మీదికి ఎత్తింది నేను. మూలన "ట్రేసింగు: సుందరం" అని నా పేరే ఉంది.

కింది అంతస్తులో ఒక గదికి పలకలు పోశారని తెలిసిన రోజు నాకు అన్నం సహించలేదు. నా ఉద్యోగం పోతే? మధ్యాహ్నం రెండున్నరకు యజమాని గదిలోకి వెళ్లి అంతా చెప్పేశాను. తప్పు నాది కాదు, ఆదిమూలానిదని కూడా అన్నాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే రోత.

ఆయన అప్పటికప్పుడు కారు తీయించి మమ్మల్నిద్దరినీ ఎక్కించారు. మే నెల, కత్తిరి ఎండలు. ఇంకా పలకలు పొయ్యని గదిలో నిలబెట్టి ఆదిమూలం మీద విరుచుకుపడ్డారు.

"ఆ పక్క గది పలకలు రేపే కొట్టించేస్తాను. నీ ఉద్యోగం ఈ పూటతో సరి!"

ఆదిమూలం సంచిలోంచి ట్రేసింగు గుడ్డ తీశాడు. "సరే సార్. అసలు ప్లాను ఇదే. మీ చేత్తోనే ఇందులో పలకల మీద అడ్డగీత కొట్టి సంతకం పెట్టండి. నోటిమాటకి కాంట్రాక్టరు పగలగొట్టడు."

రంగనాథం గారు గుడ్డను చెక్క మీద పరిచి పెన్ను తీశారు. ఒక గీత కొట్టారో లేదో, మణికట్టు కింద చెమటకు ఇంకు పాకింది. రుమాలుతో అద్దారు. ముక్కు మీంచి ఇంకో బొట్టు పడింది. "ఛ!" అని గుడ్డ చుట్టుకుని పక్క గదిలోకి నడిచారు. వెళ్లమని ఎవరూ చెప్పలేదు.

అక్కడ సిమెంటు బస్తాల మీద పరిచి, రెండో గీత కొట్టారు. గీత శుభ్రంగా పడింది. సంతకానికి వంగి ఆగిపోయారు. పలకల సందుల్లోంచి వచ్చిన గాలికి గుడ్డ అంచు లేచింది. ఆదిమూలం అరచేత్తో అదిమి పట్టాడు. ఆయన పలకల వంక చూశారు, వదిలి వచ్చిన గది వంక చూశారు.

చివరికి పెన్ను మూత పెట్టారు.

"మచ్చలు పడ్డ గుడ్డ పనికిరాదు. రేపు కొత్తది గియ్యి. అన్ని అంతస్తులకూ పలకలు గియ్యి. ఈసారి నాకు చూపించి."

సెంట్రల్ స్టేషనుకు నడుస్తుంటే నేను ఉండబట్టలేకపోయాను. "అన్నా, ఆయనకి చెప్పింది నేనే."

"తెలుసులేరా సుందరం" అన్నాడు ఆదిమూలం. "ఆయన ఎప్పుడు వచ్చినా పొద్దున ఏడింటికే వచ్చి చూసిపోతాడు. నువ్వు చెప్పకుంటే మూడుగంటల ఎండలో ఆడికి వచ్చుండునా?"

నన్ను నాలుగు తిట్టి ఉంటే బాగుండేది.