పైన ఎవరుంటారు?

ఈ రోజు మా తమ్ముడితో పెద్ద గొడవైంది. నా బిడ్డ లావణ్య విశాఖపట్నం పోయి, సముద్రం అడుగున మునిగిన ఓడను చూసి రావాలనుకుంటోంది. నీళ్లలోకి దింపేవాళ్లను నేనే వెతుకుతానన్నాను. తమ్ముడు ఒంటికాలి మీద లేచాడు.

"అక్కా, మహేశ్‌ను నీళ్లకిచ్చినవ్, సాల్లేదా? గదీ ఆంధ్రోళ్ల సముద్రంలనా?"

"రాష్ట్రాలు ఏరువడితే సముద్రం నీళ్లు మారుతయారా? ఊకో."

మా నాన్న బావుల్లో పూడిక తీసేవాడు. పైన తాడు పట్టే మనిషెవరో తెలియకుండా బావిలో కాలు పెట్టేవాడు కాదు. నా కొడుకు మహేశ్ మంజీర నదిలో మునిగిపోయిన రోజు ఒడ్డున ఎవరూ లేరు. అందుకే దింపేవాళ్లలో మొదట ఫోన్ చేసినాయన్ని అదే అడిగాను, పైన ఎవరుంటారని. నవ్వాడు.

"ఈత రాకపోయినా పర్లేదమ్మా, పంపించెయ్యండి."

ఫోన్ పెట్టేశాను. రెండో చోట ఒకామె ఎత్తింది.

"పడవలో ఒక మనిషి కదలకుండా ఉంటాడమ్మా. లోపల మీ అమ్మాయి పక్కనే నేనుంటాను. అలలు ఎక్కువుంటే మీరెంత బతిమాలినా దింపను."

"నువ్వే గావాలె బిడ్డా," అన్నాను.

తమ్ముడు ఇంకా అలిగే ఉన్నాడు. లావణ్య దిగే రోజు నేనూ ఆ పడవలో కూర్చుంటాను. మహేశ్‌కు ఒడ్డున లేకపోయాను, దీనికి పైన ఉంటాను. తప్పంటే మీరూ చెప్పండి, వింటాను. ఆగను మాత్రం.