మెట్ల కింది స్విచ్చి

ఇది రాయకుండా వదిలేద్దామనే అనుకున్నాను. బోయిగూడలో మా మేడ మీది అక్క పోయింది. ఆమె మీద నాలుగు మంచి మాటలు రాస్తే, "తమ్మీ, సచ్చినోళ్ల గురించి రాసుడు నా పని, నీది కాదు" అని నవ్వే మనిషి. అదీ నిజమే. ఆమె దెయ్యాల కథలు రాసేది, నేను అదే ఇంటి కింది భాగంలో అద్దె పుస్తకాల షాపు నడిపేవాణ్ణి. కానీ కబురు చెప్పిన బేగంపేట బ్యాంకు మేడమ్, "అక్క వెళ్లిపోయారండీ. మరి శనివారం సంగతేంటి?" అని రెండు మాటలూ ఒక్క ఊపిరిలో అంది. ఆ రెండో మాట నన్ను వదల్లేదు.

శనివారం అంటే ఏమిటో చెప్పాలి. దానికి ముందు దెయ్యాల నవలల గురించి ఒక ముక్క చెప్పాలి, దారి తప్పుతున్నాననుకోకండి. ప్రేమ నవల తీసుకెళ్లిన వాళ్లు నెలలకు గానీ తిరిగివ్వరు. వంటల పుస్తకం అసలు రాదు. దెయ్యాల నవల మాత్రం దీపాలు పెట్టే వేళకల్లా నా బల్ల మీద ఉండేది. చదవడం కావాలి, రాత్రి ఇంట్లో ఉంచుకోవడం వద్దు. తీసుకెళ్లేది ఎక్కువగా ఆడవాళ్లే. కొందరు బియ్యం డబ్బాలో దాచుకుని చదివేవారు. పుస్తకం దులిపితే గింజలు రాలేవి. ఒకరోజు అక్క షాపులో నిలబడి ఆ గింజలు చూసింది.

"గిట్ల ఒక్కొక్కతి దాసుకొని సదువుడేంది? అందరం కూసొని ఒక్కసారే భయపడితె పాయె" అంది.

అలా షురూ అయింది. ప్రతి శనివారం మధ్యాహ్నం వంటిల్లు సర్దుకున్నాక ఆమె ముందు గదిలో చాప పరిచేది. చుట్టుపక్కల ఆడవాళ్లు, బ్యాంకు మేడమ్ లాంటి దూరపు వాళ్లూ వచ్చి కూర్చునేవారు. ఒకరు పైకి చదవాలి, మిగతావాళ్లు వినాలి. చదివే మనిషి గొంతు వణికించకూడదు, కరెంటు బిల్లు చదివినట్టు చదవాలి. భయం కథలో ఉంటే గొంతులో అక్కర్లేదని అక్క మాట.

ఆ గదిలోకి మగవాణ్ణి నన్ను రానిచ్చింది నా సాహిత్య జ్ఞానం చూసి కాదు. ఆ ఇంటి మెట్లకు కిటికీ లేదు, పట్టపగలు కూడా చీకటే. లైటు స్విచ్చి ఏ మహానుభావుడు పెట్టించాడో గానీ, కింద మాత్రమే ఉంది. కథ అయ్యాక ఎవరో ఒకరు చీకట్లో ముందు దిగి లైటు వేయాలి. నాకు దెయ్యాలంటే భయం లేదు. అదీ నా అర్హత.

కథ ఎలా ఉందని అక్క ఎవర్నీ అడిగేది కాదు. గుమ్మం దగ్గర నిలబడి, వాళ్లు చెప్పులు వేసుకోవడం చూసేది. లైటు వెలిగాక కూడా ఇద్దరిద్దరు చేతులు పట్టుకుని దిగితే అది జోడీ కథ. ఎవరికి వారు దిగిపోతే సింగిల్. పత్రికలో అచ్చయిన కథ అయినా సరే, సింగిల్ అయితే మళ్లీ రాసేది.

ఆమె దెయ్యాలు తెల్లచీర కట్టేవి కావు. "తెల్లచీర రోజు ఎవరుతుకుతరు?" అనేది. నైటీ మీద టవల్ వేసుకుని, నల్లా వచ్చే వేళ అందరితో పాటు బిందె పట్టుకుని నిలబడేవి. ఒక కథలో కోడలు వడ్డిస్తుంటే ప్రతిపూటా ఒక కంచం ఎక్కువ వస్తుంది. అది ఎవరిదో ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరూ చెప్పరు. అంతే కథ. శ్మశానానికి ఆడవాళ్లను ఎవరు రానిచ్చారు గనుక, మా భయమంతా వంటింట్లోనే అనేది. పూర్తి పేరు పెట్టకుండా పొడి అక్షరాలతో రాసేది కాబట్టి పాఠకులు "గౌరవనీయులైన సార్" అని ఉత్తరాలు రాసేవారు. అవి చదివిన రోజు, "సార్‌కు జెర చాయ్ పోయుర్రి" అని కోడలికి చెప్పి కాళ్లు చాపుకుని కూర్చునేది.

నేను బడి మధ్యలో మానేసి, షాపులోని పుస్తకాలతోనే నాలుగక్షరాలు నేర్చుకున్నవాణ్ణి. ఒక్కణ్ణే చదివేవాణ్ణి, ఒక్కణ్ణే మరిచిపోయేవాణ్ణి. చదివింది పక్క మనిషితో చెప్పుకుంటే అది మన దగ్గర ఉండిపోతుందని ఆ చాప మీదే తెలిసింది. నా మీద ఆమెకున్న ఫిర్యాదు ఒక్కటే. "నువ్వొక్కనివే భయపడ్తలేవు తమ్మీ. నువ్వు గా మెట్లు దిగనన్ననాడు మేం పాసైనట్టు."

చివరి రోజుల్లో ఆమె మంచం మీద పడుకునే వినేది. కాప్రా నుంచి బస్సులో వచ్చే ఒక అమ్మాయి కొత్తగా రాయడం మొదలుపెట్టింది. ఆ అమ్మాయి కథల్లో పేజీకో శవం, అన్నీ సింగిలే. ఇంట్లో పిల్లలుండగా ఈ దెయ్యాల రాతలేమిటని అత్తగారి గొడవ ఒకటి. అక్క ఆ అమ్మాయిని దగ్గరికి పిలిచింది.

"నెత్తురు తీసెయ్ బిడ్డా. మీ ఇంట్ల నీకు దేనికి భయమో గది రాయి."

"నాకు రాదక్కా."

"నేను పోతె వీళ్లు నా కథలే మల్ల మల్ల సదువుకుంట కూసుంటరు. గట్లయితె శనివారం బందు పెట్టుర్రి. కొత్తది రాసేటోళ్లు ఉంటెనే ఈ చాప పరువాలె."

అమ్మాయి కాగితాలు సంచిలో సర్దుకుంది. తరువాతి వారం రాలేదు, ఆ పై వారమూ రాలేదు. అక్క తలుపు వైపే చూస్తుండేది. అలా చూస్తూనే పోయింది.

కర్మలన్నీ అయ్యాక మొదటి శనివారం, అక్క కోడలు చాప పరిచింది. వచ్చింది కొద్దిమందే. బ్యాంకు మేడమ్ అక్క పాత కథ ఒకటి తెచ్చింది. అక్క వద్దన్నది సరిగ్గా అదే అని అందరికీ గుర్తుంది. చేతిలో ఇంకేమీ లేదు. మేడమ్ కళ్లజోడు పెట్టుకుంటుండగా కాప్రా అమ్మాయి వచ్చింది. బస్సు దొరకలేదని చెప్పి, టిఫిన్ సంచిలోంచి కాగితాలు తీసింది. కరెంటు బిల్లు చదివినట్టే చదివింది.

ఎవరు పిలిచినా "వస్తున్న" అని పలికే ఒక కోడలు. ఒకనాడు అత్త పిలుస్తుంది. కోడలు నోరు తెరవకముందే, వంటింట్లోంచి ఆమె గొంతే "వస్తున్న" అంటుంది. ఇంట్లో ఎవరికీ తేడా తెలియదు. పనులన్నీ మామూలుగానే జరుగుతుంటాయి. పిలుపులన్నీ ఆ గొంతుకే పోతాయి, ఇక ఆమెను ఎవరూ పిలవరు.

 ఆడవాళ్లు లేచి చెప్పులు వెతుక్కున్నారు. నేను అలవాటుగా మెట్ల దగ్గరికి వెళ్లి నిలబడ్డాను. కొంతసేపటికి బ్యాంకు మేడమ్ వెనక నుంచి, "లైటండీ" అంది.

"మీరు కూడా రండి మేడమ్" అన్నాను.

ఆమె వచ్చింది. ఇద్దరం గోడ పట్టుకుని దిగాం. లైటు వేశాను.