గాజుగొట్టంలో మట్టిపుల్లలు

రాయడం నాకు ఇదే మొదటిసారి. ఐదో తరగతి మధ్యలో బడి మానేశాను. కూడబలుక్కుని చదవగలను గానీ, సొంత మాటలు కాగితం మీద పెట్టాలంటే భయంగా ఉంది. తప్పులుంటే సర్దుకుని చదవండి.

మాది ఆనందపురం పక్క పల్లె. అత్తగారింట్లో కుండలు చేస్తారు. డెబ్బైలు అయిపోవస్తున్న రోజుల్లో విశాఖపట్నం నుంచి ఒకమ్మాయి మా ఇంటికి రావడం మొదలుపెట్టింది. పాతూరి సాయిబుల పిల్ల. వాళ్ల నాన్నకు గడియారాలు బాగుచేసే కొట్టు ఉంది. తను పెద్ద చదువు చదివి పరిశోధన చేస్తోంది. కాల్చిన మట్టిలో కంటికి కనపడని సందులుంటాయి కదా, వాటిలో చేరిన నీరు అక్కడ ఎలా ఉంటుందో కనిపెట్టడం ఆ పిల్ల పని.

అది విని మా అత్త ఒకటే నవ్వు.

"కుండలోకి నీల్లెలా దూరతాయో సూడ్డానికి సదువేటే? ఏసంగిలో మా అరుగు మీద కూకో, తెలిసిపోద్ది."

"దూరడం కాదు మామ్మా, దూరాక ఏటి సేత్తాయో సూడాల," అంది ఆ పిల్ల. అత్తతో మాట్లాడితే తనకూ మా యాస వచ్చేసేది.

తనకు కుండలు అక్కర్లేదు. అగ్గిపుల్లకంటే కాస్త లావుగా, వేలెడు పొడుగున్న మట్టిపుల్లలు కావాలంది. అవి సన్నటి గాజుగొట్టంలో పట్టాలట. మట్టి కూడా తెల్లసుద్దే అయి ఉండాలట. కొండవార నుంచి మా ఆయన సుద్ద తెచ్చిపడేశాడు. నేను దాన్ని గుడ్డలో వడగట్టి, ఊకపొడి కలిపి, పీట మీద అరచేత్తో దొర్లించాను. ఆములో, అంటే కుండలు కాల్చే బట్టీలో, కాలేటప్పుడు ఊక బూడిదైపోతే ఆ చోట సందు మిగులుతుంది. ఒక కట్టకు ఊక తక్కువ, ఇంకో కట్టకు ఎక్కువ. పెద్ద పెద్ద బానలు మోసే చేతులకు ఆ పని ఆటలా ఉండేది. కాలిన పుల్లలను అత్తే గుడ్డలో మూటకట్టి ఆ పిల్ల చేతికిచ్చింది.

కొన్నాళ్లకు ఆ పిల్ల వాడిపోయిన ముఖంతో వచ్చింది.

"అక్కా, ఇందులో ఏటి కలిపేవు?" అని మూట విప్పింది. పుల్లలన్నీ ఎర్రగా నిగనిగలాడుతున్నాయి. నేనూ తెల్లబోయాను.

అత్త మాత్రం నింపాదిగా ఉంది. "అది కాదే, నానే ముంచేను. ఆములో ఎట్టేముందు జేగురు పూసేను. పూత నేని బోడికుండ మా ఇంట్లోంచి ఎల్తే సావింటికే ఎల్లాల. పెళ్లి కావాల్సిన గుంటవి, నీ సేతికి బోడియ్యి ఎలాగిత్తానే?"

"మామ్మా, ఆ ఎరుపంతా ఇనుమే కదా. మా మిషను పెద్ద అయస్కాంతం. నీల్ల గుర్తు కాయితం మీద గీతలాగ పడాల. ఆ ఇనుము వల్ల గీతంతా సెదిరిపోయి ఏటీ అగుపడ్నేదు."

ఆ మిషను పేరు ఎన్ఎమ్మార్ అని చెప్పింది. దాని కోసం చాలామంది కాచుకుని ఉంటారు. తన వంతు మళ్లీ శుక్రవారం. అప్పుడు కూడా ఏమీ రాకపోతే ఈ పని వదిలేసి వేరేది మొదలుపెట్టమని వాళ్ల సారు చెప్పేశారట. రెండేళ్ల కష్టం పోతుంది. అది చెప్పి తలొంచుకు కూర్చుంది.

అత్త ఒక పుల్ల తీసి పుటుక్కున విరిచింది. లోపల తెల్లగానే ఉంది.

"పైనే కదే అంటుకుంది! గీకేత్తే పోద్ది," అని కత్తి అందుకుంది.

"ఇనుము ఒద్దు మామ్మా!" అని ఆ పిల్ల ఎగిరి పడింది.

"రంగూ ఒద్దు, కత్తీ ఒద్దు! మడి కట్టుకునే ముసిలమ్మలే నయం కదే నీ మిషను కన్నా!"

పగిలిన లాంతరు గాజు పెంకులతో ముగ్గురం అరుగు మీద కూర్చుని గీకాం. సగం పుల్లలు విరిగిపోయాయి. బోడిగా వచ్చిన మొదటి పుల్లను చూసి అత్త చెయ్యి ఆగింది. "నీకు మంచే జరగాల," అని గొణిగి రెండోది తీసుకుంది.

శుక్రవారం విశాఖపట్నంలో ఆ మిషను ఉన్న గదికి నన్నూ రమ్మంది. తిరగలి రాళ్లను నిలబెట్టినట్టు రెండు పెద్ద ఇనుప దిమ్మలు ఎదురెదురుగా ఉన్నాయి. గాజుగొట్టాన్ని ఆ మధ్య సందులోకి దించింది. ముందు బాగా ఆరబెట్టిన పుల్ల పెడితే మిషనుకున్న పెన్ను దానంతట అదే కాగితం మీద చదునుగా గీసుకుంటూ పోయింది. మళ్లీ ఏమీ రాలేదేమోనని తన ముఖంలోకి చూశాను.

"ఇది అలాగే రావాలక్కా. ఇందులో నీల్లు నేవు," అంది నవ్వుతూ.

తర్వాత నీటి ఆవిరి పట్టించిన పుల్ల పెట్టింది. పెన్ను మెల్లగా లేచింది, గుట్టలా వెడల్పుగా. నీళ్లలో నానేసినది పెడితే సన్నగా, నిటారుగా లేచింది.

"తేడా ఏటి?" అన్నాను.

"గాజువాక బస్సు ఎక్కేవు కదా. కమ్మీ పట్టుకున్నోల్లు కదల్నేరు. నడిమినున్నోల్లు ఊగిపోతారు. సందు గోడని పట్టుకున్న నీల్లు ఆ వెడల్పు గుట్ట. నడిమిన తిరిగే నీల్లు ఈ సన్నది."

వాళ్ల సారు వచ్చి కాగితం చూశారు. "ఇది మొన్నటి మట్టేనా?" అన్నారు.

"అదే సార్. పైపూత తీసేశాం."

ఆయన కాగితాన్ని కిటికీ వెలుగులోకి పట్టుకుని చాలాసేపు చూశారు. ఆ పిల్ల నా చెయ్యి నొక్కేస్తోంది, నొప్పి పుట్టేంతగా.

"ఊక ఎక్కువ కలిపింది కూడా పెట్టమ్మా. తేడా చూద్దాం," అన్నారు.

తను నా చెయ్యి వదిలి, అరచెయ్యి చాచింది. ఆ కట్టలోంచి వంకర లేనిది ఒకటి ఏరి అందులో పెట్టాను.