రోడ్డు మీద కాల్చిన బిస్కెట్లు

మా మేనత్త చనిపోయిందని మొన్న పొద్దున తంగళ్ళపల్లి నుంచి నాన్న ఫోన్ చేశాడు. కోరుట్లలో తన ఇంట్లోనే, చాయ్ తాగి గోడకు ఆనుకుని కూర్చున్నదట. మళ్లీ లేవలేదు. జగిత్యాలలో బస్సెక్కి అక్కడికి చేరేదాకా నాకు తెలంగాణ ఉద్యమం నాటి రోజులే గుర్తొచ్చాయి. అవి మీకు చెప్పాలనిపించింది.

మామ పోయాక అత్త కొన్నేళ్లు కువైట్‌లో ఒక ఇంట్లో వంట చేసింది. ఆ ఇంటి పిల్లల కోసం చాక్లెట్ బిస్కెట్లు చేయడం నేర్చుకుని వచ్చింది. ఇక్కడ ఓవెన్ ఎక్కడిది? పెద్ద గిన్నెలో ఇసుక పోసి, అది కాగాక లోపల పళ్లెం పెట్టి, మూత మీద నిప్పులు పోసేది. గోధుమపిండి, బెల్లం పొడి, ఇంట్లో తీసిన వెన్న. గల్ఫ్ నుంచి వచ్చేవాళ్ల సంచుల్లో కరిగి, మళ్లీ గట్టిపడి, వంకరపోయిన చాక్లెట్లు ఉంటాయి, ఎవరూ ముట్టరు. వాటిని అడిగి తెచ్చుకుని కత్తిపీట మీద తరిగేది.

"ముక్క సన్నగ కొయ్యాలె బిడ్డా, అందరి నోట్లెకు రావాలె" అనేది. ఇప్పుడు నా పిల్లలకు చేసేటప్పుడు నేనూ సన్నగానే కోస్తాను.

ఉద్యమం సాగిన ఆ ఏడు నేను ఇంటర్ చదువుతున్నాను. సమ్మెతో బస్సులు ఆగిపోయి, అత్తను చూడటానికి వచ్చినదాన్ని కోరుట్లలోనే చిక్కుకుపోయాను. అత్తకు ఒక్కడే కొడుకు. బావ హైదరాబాదులో చదివేవాడు. ర్యాలీకి పోతున్నానని చెప్పినవాడు ఆ తర్వాత ఫోన్ ఎత్తలేదు. మర్నాడు స్విచాఫ్ అని వచ్చింది. సాయంత్రం కాసేపు కరెంటు ఉన్నప్పుడు టీవీలో చెప్పారు, తెలంగాణ కోసమని ఒక విద్యార్థి ప్రాణం తీసుకున్నాడని. కరీంనగర్ జిల్లా పిల్లవాడట. పేరు చెప్పేలోగా కరెంటు పోయింది.

అత్త ఏడవలేదు. తెలిసిన ప్రతి నంబరుకూ నాతో ఫోన్ చేయించింది. ఒక్కటీ కలవలేదు.

తెల్లవారి అత్త వాళ్ల వాడకట్టుది రోడ్డు మీద వంటావార్పు నిరసన. బడుల్లేక తిరుగుతున్న పిల్లలకు బిస్కెట్లు చేస్తానని అత్త ముందే మాటిచ్చింది. పొద్దున లేచేసరికి పిండి కలుపుతోంది. వద్దత్తా, ఇంట్లోనే ఉందామని బతిమాలాను.

"ఇంట్ల కూసుంటె గా టీవీ దిక్కే జూడాలె. రోడ్డు మీదుంటె అటు నుంచి అచ్చెటోళ్లను అడగొచ్చు" అంది.

నడిరోడ్డు మీద ఇటుకల పొయ్యిలు పెట్టారు. అందరికీ అన్నం, పప్పు ఒక పక్క ఉడుకుతున్నాయి. ఇంకో పక్క అత్త ఇసుక గిన్నె. డప్పులు మోగుతుంటే ఎవరి మాటా వినిపించడం లేదు. హైదరాబాదు దారి కదా, జగిత్యాల వైపు నుంచి ఏ బైకు వచ్చినా అత్త పిండి చేతులతోనే ఎదురెళ్లేది. కనుబొమ్మ మీద గాటున్న తన కొడుకును చూశారా అని అడిగేది. వాళ్లు తల అడ్డంగా ఊపితే తిరిగొచ్చి ఇంకో ముద్ద చేతిలోకి తీసుకునేది. మొదటి వాయి మొత్తం మాడింది. ఆమె చేతిలో అవి మాడటం నేనెప్పుడూ చూడలేదు. ఆమె మాడిన అడుగులు గీకి పిల్లలకిచ్చి, మళ్లీ పళ్లెం సర్దింది.

మధ్యాహ్నం దాటాక ఆ ఊరి బడి సారు ఒకాయన బైకు ఆపాడు. హైదరాబాదులో ఠాణాలో ఉన్న కొడుకును చూసి వస్తున్నాడు. "నీ కొడుకు మంచిగనే ఉన్నడక్కా. మావోనితోనే లోపటున్నడు. ఫోన్లు గుంజుకున్నరు, గంతే" అన్నాడు.

అత్త రోడ్డు మీదే కూలబడింది. నాకు ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. చుట్టూ ఉన్న ఆడవాళ్లు ఆమె వీపు నిమురుతున్నారు. ఆమె మాత్రం తలెత్తి సారునే చూస్తోంది.

"మరి గా సచ్చిపోయిన పిలగాడు ఎవల కొడుకు?"

సిరిసిల్ల దగ్గరి పల్లె, మరమగ్గం నడిపే వాళ్ల కొడుకు అని ఆయన చెప్పాడు.

కొన్నాళ్లకు ఠాణా నుంచి వదిలితే, బావ దెబ్బలకు కుంటుకుంటూ ఇల్లు చేరాడు. అత్త తిట్టలేదు. అన్నం పెట్టి, వాడు తిన్నాక ఒక్క మాట అంది. "తెలంగాణ అచ్చినంక దాంట్ల బతికెటోళ్లు గావాలె గద కొడుకా."

ఆటోలు తిరగడం మొదలుకాగానే మళ్లీ బిస్కెట్లు చేసి నన్ను వెంటబెట్టుకుని సిరిసిల్ల వైపు బయలుదేరింది. చనిపోయిన పిల్లవాడి తల్లి ఎవరో మాకు తెలియదు. ఏం మాట్లాడాలో తెలియక, పొమ్మంటారేమోనని దారంతా నేను భయపడుతూనే ఉన్నాను. దారిలో అడుగుతూ ఆ ఇల్లు చేరేసరికి ఆమె గోడవైపు తిరిగి పడుకుని ఉంది. అత్త ఓదార్పు మాటలేవీ చెప్పలేదు. చనిపోయిన పిల్లవాడి చెల్లెలి చేతిలో బిస్కెట్లు పెట్టి, కొబ్బరినూనె, దువ్వెన అడిగి తీసుకుంది. ఆ తల్లిని మెల్లగా లేపి కూర్చోబెట్టి, అట్టలు కట్టిన జుట్టు పాయ తర్వాత పాయ చిక్కు తీయసాగింది. చాలాసేపటికి ఆ తల్లి తల వెనక్కి వాల్చి అత్త మోకాళ్ల మీద పెట్టింది. పక్కింట్లో ఎవరో మరమగ్గం ఆన్ చేసి, ఈ ఇల్లు గుర్తొచ్చినట్టు వెంటనే ఆపేశారు.