నాది కాని వాపు

ఆ రోజుల్లో సిగ్గుపడటమే మర్యాద అని నాకు గట్టి నమ్మకం. పెళ్లయి రెండేళ్లు. నానక్‌రామ్‌గూడలో ఒక అద్దాల భవనంలో నేను హౌస్‌కీపింగ్, మా ఆయన అదే భవనం గేటు దగ్గర సెక్యూరిటీ. మగవాళ్ల బాత్రూములు రోజుకు నాలుగుసార్లు కడిగేదాన్నే గానీ, మగవాళ్ల ఒంట్లో ఫలానా భాగం ఉందని నోటితో ఒప్పుకునేదాన్ని కాను. ఒకరోజు అన్నం తింటూ ఆయన "కింద జర వాచినట్టుందే, బరువుగుంటుంది" అన్నాడు. "అన్నం కాడ ఏం మాటలయ్యా ఇవి, సిగ్గు లేదా?" అన్నాను. ఆయన మళ్లీ ఆ మాట ఎత్తలేదు. ఆరు నెలలు ఎత్తలేదు.

తర్వాత ఒకనాడు డ్యూటీ దిగి కాళ్లు ఎడంగా వేసుకుంటూ వస్తుంటే చూసి ఏమైందని నిలదీశాను. అప్పటికి ఒక పక్క మామిడికాయంత అయిందట (నేను చూడలేదు, ఆయన పిడికిలి పట్టి చూపించాడు). మనిషి దక్కుతాడో లేదోనన్న భయంతో మర్నాడే లింగంపల్లిలో ఒక దవాఖానకు లాక్కెళ్లాను. తీరా లోపల కుర్చీలో నా ఈడు ఆడ డాక్టరు. మా ఆయన గోడ మీది క్యాలెండరు వైపు తిరిగిపోయాడు. "ఏమైందమ్మా?" అని ఆమె అడిగితే, మొగుడి ఒంటి సంగతి పరాయి ఆడమనిషితో ఎలా చెప్పాలో తెలియక "వాపు మేడమ్" అన్నాను. "ఎవరికి?" "నాకే." "ఎక్కడ?" "కింద." "నెలసరి సరిగ్గా వస్తోందా?" "వస్తుంది మేడమ్." ఆమె తెర లాగి బల్ల చూపించింది. నేను ఎక్కి పడుకున్నాను కూడా (దాచి లాభమేముంది). అప్పుడు తెర అవతలి నుంచి మా ఆయన గొంతు వినబడింది. "ఆమెకేం లేదు మేడమ్. వాపు నాది."

ఆమె నవ్వలేదు. నవ్వినా బాగుండేది. పక్క గదిలోని మగ డాక్టరును పిలిచింది. ఆయన టార్చి వేసి చూసి, స్కానింగ్ కూడా చేయించి, లోపల నీరు చేరిందని, వరిబీజమని, చిన్న ఆపరేషన్‌తో పోతుందని చెప్పాడు. డాక్టరమ్మ నన్ను కూర్చోబెట్టి, "నీరు చేరినా వాస్తుందండి, పేగు జారినా, నరాలు ఉబ్బినా, దెబ్బ తగిలినా, చీము పట్టినా వాస్తుంది. ఒక్కోసారి గడ్డ కూడా కావచ్చు. చూడందే చెప్పలేం. ఉన్నట్టుండి విపరీతమైన నొప్పి వస్తే మాత్రం గంట కూడా ఆగకూడదు, లోపల మెలిపడి ఉండొచ్చు" అంది. తర్వాత మా ఆయన వైపు తిరిగి, "ఇన్నాళ్లు ఎందుకు ఆగారు?" అని అడిగింది. "సెలవు దొరకలే మేడమ్" అన్నాడాయన. నేను తల ఎత్తలేదు.

ఇది జరిగి చాలా ఏళ్లయింది. ఇప్పటికీ అప్పుడప్పుడు అడుగుతాడు, "ఆ రోజు నేను నోరు తెరవకపోతే, ఆ మేడమ్ నీకే గోలీలు రాసిస్తే, ఏం చేస్తుంటివే?" "మింగుతుంటి" అంటాను. ఆయన పడీపడీ నవ్వుతాడు. నేనూ నవ్వుతాను గానీ, బల్ల మీద కళ్లు గట్టిగా మూసుకుని పడుకున్న ఆ పిల్ల నిజంగానే మింగేదని నాకు తెలుసు.