చూపించినవాళ్ల తప్పు

బస్టాండు ఎదురుగా మేడ మీద ఉన్న కంప్యూటర్ సెంటర్లో రెండేళ్లు పాఠాలు చెప్పాను. డిగ్రీ చదివిన ప్రతివాళ్లూ కంప్యూటర్ కోర్సులో చేరుతున్న రోజులవి. సెంటర్ యజమాని, ఒకప్పుడు మా గానుగ పాకలో బెల్లం వండటం నేర్చుకున్న మనిషి కొడుకు. నన్ను "మాస్టారూ" అని పిలిచేవాడు. ఆ పిలుపులో గౌరవం ఎంతో, ఎకసెక్కం ఎంతో నాకు తెలుసు.

మొదటి పాఠం కంప్యూటర్ చరిత్ర. అందులో ఒక పేజీ నాకు గిట్టేది కాదు. అమెరికాలో కాపీ యంత్రాలు చేసే ఒక కంపెనీ పరిశోధన కోసం ఒక ల్యాబ్ పెట్టింది. తెర మీద కిటికీలు, బొమ్మలు, వాటిని మౌసుతో నొక్కే పద్ధతి, లేజర్ ప్రింటరు అన్నీ అక్కడ రూపు దిద్దుకున్నవే. చూడవచ్చినవాళ్లకు చూపించారు. చూసినవాళ్లు తమ కంపెనీల్లో చేసుకుని పెద్దవాళ్లయ్యారు. యజమాని తయారుచేసిన నోట్సులో దాని కింద ఒక ప్రశ్న: ఆ ల్యాబ్ ఎందుకు విఫలమైంది? జవాబు: తమ సొత్తు విలువ తెలియని మూర్ఖత్వం వల్ల.

విఫలమైందట! మౌసు పట్టుకునే ఆ మాట టైపు చేశాడు.

మందులు కలపకుండా, బెండకాడల జిగురుతో చెరకు రసం తేర్చి బంగారు రంగు బెల్లం తీయాలని మా నాన్న ఏళ్ల తరబడి పాకాలు మాడ్చాడు. కుదిరాక బుచ్చయ్యపేట నుంచి, ఎస్. రాయవరం నుంచి వచ్చినవాళ్లను పెనం పక్కన పీట వేసి కూర్చోబెట్టి, అంతా చూపించాడు. మా ఇంట్లో దాచుకోవడం ఎరగరు. వాళ్ల బెల్లం మార్కెట్లో నిలబడింది. మాడిన పాకాల అప్పులకు మా పొలం పోయింది. ఊరు దాన్ని మూర్ఖత్వం అంటుంది. నేను అనను.

రెండో ఏడు పరీక్షలో ఆ ప్రశ్న వచ్చింది. అందరూ నోట్సులో ఉన్నదే రాశారు. ఆ జవాబుకు అందరికీ సున్నా వేశాను.

"ఏటి మాస్టారూ ఇది? కంప్యూటర్ పరీక్షా, మీ ఇంటి తగువా?" అన్నాడు యజమాని.

"జవాబు తప్పు."

"నోట్సులో ఉన్నదే కదండీ!"

"నోట్సూ తప్పే."

"సూపించుకుని సెడినోళ్లని ఇంకేటంటారండీ? మీ నాన్నగారు మా అయ్యకి సూపించకపోతే ఈ బిల్డింగు మీదయ్యేది కదా!" అని నవ్వాడు.

మార్కులు మార్చనన్నాను.

మర్నాడు ఒకమ్మాయి వచ్చింది. బుచ్చయ్యపేట వైపు రైతు కూతురు. ఆ సున్నా వల్ల రెండు మార్కుల్లో తప్పింది.

"సోమవారం ఫ్యాక్టరీ ఆఫీసులో సర్టిఫికెట్టు సూపించాలి సార్. లేకపోతే ఉద్యోగం ఇంకొకరికి ఇచ్చేత్తారు. తప్పేటి రాసేను?"

"ఆ జవాబే తప్పమ్మా."

"ఆ పేజీ మీరే సదివి రాయించేరు కదండీ. తప్పని అప్పుడే సెప్పలేకపోయేరా?"

నిజమే. రెండేళ్లుగా ప్రతి బ్యాచికీ ఆ మాట నేనే చదివాను. ఉద్యోగం పోతుందని తల వంచుకుని చదివాను. నాన్నను మూర్ఖుడన్నవాళ్లలో నా గొంతూ ఉంది.

పేపర్లన్నీ మళ్లీ తీసి అందరికీ మార్కులు వేశాను. ప్రతి పేపర్లో ఆ జవాబు కింద ఎర్ర సిరాతో "ఇది తప్పు. చెప్పినది నేను" అని రాసి సంతకం పెట్టాను.

యజమాని మొహం కందగడ్డ అయింది. "సర్టిఫికెట్ల కోసం ఇయ్యి హెడ్డాఫీసుకెళ్లాల. ఆ రాతలు కొట్టేసి ఇయ్యండి."

"కొట్టను."

"అయితే రేపట్నించి రాకండి."

"ఇవాళ క్లాసుంది" అని లోపలికి వెళ్లాను. కొత్త బ్యాచికి ఆ పేజీ కిందటి వారమే రాయించాను. నోట్సులు తీయమని, ఆ ప్రశ్నా జవాబూ కొట్టేయమని చెప్పాను. సగం మంది కొట్టేశారు. మిగిలినవాళ్లు గుమ్మంలో నిలబడ్డ యజమాని మొహం చూస్తూ పెన్నులు పట్టుకుని కూర్చున్నారు.